రహీం సాబ్, నయీముద్దీన్: యిద్దరు ఉస్తాదుల లెక్క

హైదరాబాదులో పాతకాలపు ఫుట్‌బాల్ అభిమానులు నలుగురు కూర్చుంటే ఒక వాదన తప్పకుండా లేస్తుంది. రహీం సాబ్ గొప్పవారా, నయీముద్దీన్ గొప్పవారా అని. 2024లో "మైదాన్" సినిమా వచ్చాక పిల్లలు కూడా యిందులో చేరారు. సంతోషమే. కానీ సినిమాలో కథ వుంటుంది గాని లెక్క వుండదు. యిద్దరూ మన వూరివారే, యిద్దరూ భారత జట్టుకు శిక్షణ యిచ్చినవారే. కాబట్టి ఎవరేం చేశారో, ఏ పరిస్థితుల్లో చేశారో ఒకసారి నెమ్మదిగా చూద్దాం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో చదివారు, ఆ విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు, తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్, దారుల్ ఉలూం బడుల్లో పని చేశారు. (ఆయన మా వృత్తివారు గనుక నా మాటల్లో కొంచెం మొగ్గు కనిపిస్తే పాఠకులు మన్నించాలి.) హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం బాధ్యతలు మోశారు. 1950లో సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చింది. అక్కణ్ణుంచి చూడండి: 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు మన పోలీసులదే! 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్ రెండు గోళ్ళు ముందుకు పోయాక కూడా మనవాళ్ళు సమం చేసి, మళ్ళీ ఆడినప్పుడు గెలిచారు. కలకత్తావాళ్ళకు అప్పటిదాకా హైదరాబాదు అంటే చార్మినార్, బిర్యానీ. ఆ తర్వాత ఫుట్‌బాల్ కూడా.

యిదంతా ఎలా వచ్చింది? నా దృష్టిలో కప్పుల కంటే యిదే ముఖ్యం. రహీం సాబ్ ఆటను పాఠంలాగా విడగొట్టి నేర్పేవారు. నగరంలో ఆయన పెట్టించిన పోటీలు విచిత్రంగా వుండేవి. ఒక టోర్నమెంటులో బంతిని కాళ్ళ మధ్య ఆడిస్తూ పోవడం నిషేధం, వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాల్సిందే. యింకో దాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి కుర్రవాడు ఎడమకాలితో తన్ని తన్ని చివరికి రెండు కాళ్ళవాడయ్యేవాడు. మనం తరగతిలో ఎక్కాలు అప్పజెప్పిస్తాం గదా, అలాంటిదే. యీ పోటీల్లో పెరిగినవాళ్ళే తర్వాత పోలీసు జట్టుకు, అక్కణ్ణుంచి దేశం జట్టుకు వెళ్ళారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, అహ్మద్ హుసేన్, తులసీదాస్ బలరాం అందరూ యీ నీళ్ళు తాగినవాళ్ళే.

దేశం జట్టుతో ఆయన చేసింది అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 చావుదెబ్బ. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా చలిలో ఆడిన ఆట అది. 1956లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి ఒలింపిక్స్ సెమీఫైనల్, చివరికి నాలుగో స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1. ఆ రోమ్ జట్టులో ఆయన కొడుకు హకీం కూడా వున్నాడు. తండ్రి కోచ్ అయివుండి కొడుక్కి ఒక్క ఆటలోనూ అవకాశం రాలేదు. యీ ఒక్క సంగతి చాలు ఆయన ఎలాంటి మనిషో తెలియడానికి.

1962 జకార్తా గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదని మన అధికారి సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన జట్టు మీద మండిపడ్డారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే అతణ్ణి కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ అతణ్ణి తీసుకుపోయి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! అతను సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. గ్యాలరీల్లో మనకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళేనని మన ఆటగాళ్ళు తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వుంది. 1963 జూన్ 11న పోయారు.

యిప్పుడు నయీముద్దీన్ సంగతి. 1944లో హైదరాబాదులో పుట్టినవారు. రహీం సాబ్ తీర్చిదిద్దిన పోలీసు జట్టులోనే మొదట ఆడారు. 1966లో హబీబ్‌తో పాటు కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. దీన్ని తప్పుపట్టేవాళ్ళున్నారు. నేను పట్టను. పేరు, బతుకు రెండూ కలకత్తాలో వున్నప్పుడు కుర్రవాడు యిక్కడే కూర్చోవాలని అనడం ఎవరికైనా తేలిక. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్సీలోనే జపానును ఓడించి కాంస్యం తెచ్చారు. ఆ యేడే అర్జున అవార్డు.

కోచ్‌గా కూడా ఆయన దారి బయటి వూళ్ళలోనే సాగింది. 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజనులో ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడూ తెచ్చిపెట్టారు. ఆ యేడే ద్రోణాచార్య అవార్డు, ఫుట్‌బాల్ కోచ్‌లలో మొట్టమొదటిది. (ఆ అవార్డు పుట్టిందే 1985లో, రహీం సాబ్‌కు అందే ప్రసక్తే లేదు.) దేశం జట్టుతో 1997లోనూ, 2005లోనూ దక్షిణాసియా విజేత. ఢాకా వెళ్ళి బ్రదర్స్ యూనియన్‌కు కూడా శిక్షణ యిచ్చారు. అయితే 2006లో జపాన్ చేతిలో 6-0, ఆ వెంటనే యెమెన్ చేతిలో 3-0 ఓడిపోగానే పదవి పోయింది.

యిక్కడే జనం తొందరపడి తీర్పు చెప్పేస్తారు, ఒకరు ఆసియా గెలిచారు, ఒకరు దక్షిణాసియాతో సరిపెట్టుకున్నారు అని. యిది న్యాయం కాదు. 1951లో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌కు వచ్చినవి ఆరు జట్లు, 1962లో ఎనిమిది. నయీం నాటికి ఆసియా మారిపోయింది. జపాన్‌లో 1993 నుంచి జీతగాళ్ళ లీగు నడుస్తోంది, గల్ఫ్ దేశాలు డబ్బు గుమ్మరించాయి. మనం మాత్రం రైల్వేలో, పోలీసులో, బ్యాంకులో వుద్యోగం యిచ్చి సాయంత్రం ఆడమన్నాం. 2006లో ఆ కుర్చీలో రహీం సాబ్ కూర్చున్నా జపాన్‌తో ఏం జరిగేదో చెప్పడం కష్టం. 10-1 తర్వాత ఆయనకు మళ్ళీ అవకాశం దొరికింది, అది కూడా మరవకూడదు. నయీం కాలానికి ఓర్పు తగ్గిపోయింది.

కాని ఒక విషయంలో రహీం సాబ్‌ది పైచేయి అంటాను, కప్పుల వల్ల కాదు. ఆయన ఆటగాళ్ళను వెతుక్కుంటూ వేరే వూరు పోలేదు. మన మొహల్లాల పిల్లలనే తయారు చేశారు. నయీంకు కలకత్తాలో చేతికి వచ్చినవాళ్ళు తయారైన ఆటగాళ్ళు, వాళ్ళను క్రమశిక్షణలో పెట్టడం ఆయన పని. అది కూడా చిన్నపని కాదు. అయితే మొదటిది ఆగిపోతే రెండోది ఎక్కణ్ణుంచి వస్తుంది? 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రహీం సాబ్ పోయి అప్పటికి రెండుమూడేళ్ళు, ఆయన నాటిన పంటే అది. ఆ తర్వాత మన రాష్ట్రానికి ఆ ట్రోఫీ రాలేదు.

ఐ.ఎస్.ఎల్. వచ్చాక హైదరాబాదు పేరుతో ఒక జట్టు పుట్టింది, 2022 మార్చిలో గోవాలో ఛాంపియన్ కూడా అయింది. కోచ్ మనోలో మార్కెజ్, స్పెయిన్ దేశస్థుడు, మంచి పనిమంతుడు. ఆ జట్టులో మన చాదర్‌ఘాట్, యాకుత్‌పురా కుర్రవాళ్ళ కోసం వెతికితే నిరాశే. యజమానులు మారాక 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది.