బయానా వచ్చింది, ఇల్లు రాలేదు

అమెరికాలో ఇల్లు కొనే ఒప్పందాల్లో సాధారణంగా రెండు షరతులు చేరుస్తారు. బ్యాంకు అప్పు ఇవ్వకపోయినా, మదింపులో ఇంటి విలువ ఒప్పుకున్న ధరకంటే తక్కువ తేలినా, కొనేవాళ్ళు గడువులోగా ఒప్పందం రద్దు చేసుకుని బయానా వెనక్కి తీసుకోవచ్చు. రక్షణే, కాదనను. కానీ ఈ షరతుల్ని స్త్రీల చరిత్ర పక్కన పెట్టి చదివినప్పుడు నాకో ప్రశ్న ఎదురవుతుంది. అప్పు ఎందుకు రాలేదు? విలువ ఎందుకు తగ్గింది?

1970ల తొలి ఏళ్ళ దాకా, పిల్లల్ని కనే వయసున్న భార్య జీతాన్ని చాలా బ్యాంకులు సగమే లెక్కగట్టేవి, కొన్ని అసలు లెక్కలోకే తీసుకునేవి కావు. ఇక పిల్లలు పుట్టరని డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం తెమ్మన్న సందర్భాలూ ఉన్నాయి. ఆమె గర్భసంచి కూడా అప్పు దరఖాస్తులో భాగమే! మదింపు సంగతీ అంతే. 1930లలో ప్రభుత్వ గృహరుణ సంస్థ గీయించిన పటాల్లో నల్లజాతివారుండే పేటలకు ఎర్రరంగు పడింది. నల్లజాతి స్త్రీకి రెండు తలుపులూ మూసుకున్నాయి.

1974లో సమాన రుణావకాశ చట్టం లింగ, వైవాహిక వివక్షను నిషేధించింది. 1976 సవరణ జాతి వివక్షనూ నిషేధించి, అప్పు నిరాకరిస్తే కారణం అడిగి తెలుసుకునే హక్కునిచ్చింది. మదింపు నివేదిక ప్రతిని అడిగే హక్కు 1991లో గానీ రాలేదు.

రద్దు షరతు ఆమె డబ్బును కాపాడింది. ఎందుకు కాదన్నారో చెప్పమని నిలదీయడానికి మాత్రం వేరే చట్టాలు కావలసివచ్చాయి.