తొలి నివేదిక దగ్గరే ఆగిపోయిన న్యాయం: హదీతా ఉదంతం, ఆక్రమణ సైన్యాల జవాబుదారీతనం

ఒక దేశం పరాయి సైన్యం అధీనంలో ఉన్నప్పుడు ఆ సైనికుల చేతుల్లో పౌరులు చనిపోతే, చర్చంతా ఆ నలుగురైదుగురు సైనికుల చుట్టూనే తిరుగుతుంది. వాళ్ళు క్రూరులా, భయపడ్డారా, తోటివాడి చావు చూసి విచక్షణ కోల్పోయారా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నలే. అయితే కాల్పుల తరవాత ఆ మరణాలను సైన్యం ఎలా నమోదు చేసుకుంది, ఎవరు విచారించారు, ఎప్పుడు విచారించారు అన్న ప్రశ్నలకు దక్కే చోటు చాలా తక్కువ. 2005లో ఇరాక్‌లోని హదీతా పట్టణంలో జరిగిన హత్యాకాండను ఈ కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దోషికి శిక్ష పడుతుందా లేదా అన్నది చాలావరకు న్యాయస్థానం కంటే ముందే, తొలి నివేదిక తయారయ్యే దశలోనే తేలిపోతుంది. కాబట్టి ఆ నివేదిక నిజానిజాలు తేల్చే అధికారం దాన్ని రాసినవారి పై అధికారుల చేతుల్లో ఉండకూడదన్నది నా వాదన.

హదీతా అన్బార్ రాష్ట్రంలో యూఫ్రటీస్ నది ఒడ్డున ఉన్న పట్టణం. 2005 నవంబర్ 19 ఉదయం అమెరికా మెరీన్ దళం వాహనాలు వెళ్తుండగా దారిలో పాతిపెట్టిన బాంబు పేలి ఒక సైనికుడు చనిపోయాడు, మరో ఇద్దరు గాయపడ్డారు. ఆ తరవాత మెరీన్లు అటుగా వచ్చిన ఒక కారులోని ఐదుగురిని కాల్చి చంపారు. దగ్గర్లోని ఇళ్ళలో చొరబడి గ్రెనేడ్లు విసిరి, గదుల్లో కాల్పులు జరిపారు. మొత్తం 24 మంది ఇరాకీ పౌరులు చనిపోయారు. వారిలో 3 ఏళ్ళ పసిబిడ్డ ఉంది, 76 ఏళ్ళ వృద్ధుడు ఉన్నాడు. మర్నాడు మెరీన్ దళం విడుదల చేసిన ప్రకటన మాత్రం బాంబు పేలుడులో 15 మంది పౌరులు మరణించారని, ఆ తరవాత తిరుగుబాటుదారులతో కాల్పులు జరిగాయని చెప్పింది. 2006 మార్చిలో టైమ్ పత్రిక కథనం వెలువడేదాకా ప్రపంచానికి తెలిసిన హదీతా ఇదే.

ఆ ప్రకటన అబద్ధమని తెలుసుకోవడానికి సైన్యానికి పత్రికా కథనం అక్కర్లేదు. ఆధారాలు మొదటి రోజు నుంచే దాని దగ్గర ఉన్నాయి. శవాలకు ఫొటోలు తీసింది మెరీన్లే. వాటిలో కొన్ని జనం కంటపడింది 2024లో. నష్టపరిహారం చెల్లింపులు ఇంకా స్పష్టమైన సాక్ష్యం. టైమ్ కథనం రాకముందే 15 మంది మృతుల కుటుంబాలకు ఒక్కో ప్రాణానికి 2,500 డాలర్ల చొప్పున సైన్యం డబ్బిచ్చింది. తిరుగుబాటుదారుల బాంబుకు చనిపోయినవారికి అమెరికా సైన్యం పరిహారం ఎందుకివ్వాలి? చెల్లింపుల కాగితంలో ఒప్పుకున్నది ప్రకటనలో ఒప్పుకోలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన బాధ్యత తమదని పై అధికారుల్లో ఎవరూ అనుకోలేదు. 2006లో ఈ వైఫల్యంపై దర్యాప్తు చేసిన మేజర్ జనరల్ ఎల్డన్ బార్గ్‌వెల్ ఇదే విషయాన్ని ఎత్తిచూపారు. ఇరాకీల ప్రాణాలకు అమెరికన్ల ప్రాణాలంత విలువ లేదని, పౌరుల చావులు యుద్ధంలో మామూలేనని భావించే ధోరణి ఆజ్ఞా శ్రేణిలో పాతుకుపోయిందని ఆయన తేల్చారు.

ఆ ధోరణి ఫలితం న్యాయస్థానంలో కనిపించింది. నేర దర్యాప్తు మొదలయ్యేసరికి దాదాపు నాలుగు నెలలు గడిచాయి. శవాలను ఎప్పుడో ఖననం చేశారు. పోస్టుమార్టం ఆధారాలు లేక కేసు సాక్షుల మాటల మీద నిలబడవలసి వచ్చింది. ఆ సాక్షులు అదే దళంలోని సహచరులు. 2006 డిసెంబర్‌లో నలుగురు సైనికుల మీద హత్యాభియోగాలు, నలుగురు అధికారుల మీద విషయాన్ని సరిగా విచారించలేదన్న అభియోగాలు మోపారు. ఆరుగురి మీద కేసులు ఎత్తేశారు. ఒకరు నిర్దోషిగా బయటపడ్డారు. 2012 జనవరిలో దళ నాయకుడు విధి నిర్వహణలో నిర్లక్ష్యాన్ని మాత్రం ఒప్పుకుని, హోదా తగ్గింపుతో, ఒక్కరోజు జైలుశిక్ష కూడా లేకుండా బయటపడ్డాడు. 24 ప్రాణాలకు హత్యానేరం ఒక్కరి మీదా రుజువు కాలేదు.

నా వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనదే. సైనికులు ప్రాణభయంలో ఉంటారు, ప్రత్యర్థులు సాధారణ దుస్తుల్లో జనం మధ్యే ఉంటారు, క్షణాల్లో తీసుకున్న నిర్ణయాన్ని తీరిగ్గా కూర్చుని తప్పుపట్టడం అన్యాయం అంటారు. వ్యక్తి దోషాన్ని తూచేటప్పుడు న్యాయమూర్తి ఈ పరిస్థితిని తప్పకుండా లెక్కలోకి తీసుకోవాలి. అయితే మర్నాటి ప్రకటన, ఆ తరవాతి నెలల మౌనం క్షణాల్లో జరిగినవి కావు. వాటిని నడిపినవారి మీద ఎవరూ తుపాకీ గురిపెట్టలేదు. పైగా 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 29వ అధికరణం ప్రకారం, సైనికుడి వ్యక్తిగత బాధ్యత ఎలా ఉన్నా, తన అధీనంలోని పౌరుల పట్ల తన ప్రతినిధుల ప్రవర్తనకు ప్రభుత్వమే బాధ్యురాలు. సైనికుడి భయం ప్రభుత్వం బాధ్యతను తగ్గించదు.

రెండో అభ్యంతరం చట్టానికి సంబంధించినది. 2004 జూన్ 28న అధికారం ఇరాకీ ప్రభుత్వానికి అప్పగించారు కాబట్టి 2005 నాటికి ఇరాక్ ఆక్రమిత దేశం కాదంటారు. కాగితం మీద అది నిజం. కానీ అప్పగింతకు ముందు ఆక్రమణ పాలనాయంత్రాంగం సవరించిన 17వ ఉత్తర్వు విదేశీ సైనికులను ఇరాకీ చట్ట ప్రక్రియ నుంచి మినహాయించింది. హదీతా వాసులు తమ గడ్డ మీద జరిగిన హత్యల గురించి తమ దేశ కోర్టుకు వెళ్ళే దారి లేదు. తుపాకీ, దర్యాప్తు, తీర్పు మూడూ ఒకే సైన్యం దగ్గర ఉన్నాయి. బాధితుల వైపు నుంచి చూస్తే ఆక్రమణ ముగిసిన గుర్తేమీ ఇందులో లేదు.

సైన్యానికి సంబంధం లేని దర్యాప్తు యుద్ధభూమిలో సాధ్యం కాదన్నది మూడో అభ్యంతరం. బ్రిటన్ అనుభవం దీనికి జవాబు. 2003 సెప్టెంబర్‌లో బస్రాలో హోటల్ ఉద్యోగి బహా మూసా బ్రిటిష్ సైనికుల నిర్బంధంలో చనిపోయాడు. ఒంటి మీద 93 గాయాలున్నాయి. సైనిక న్యాయస్థానంలో ఏడుగురిలో ఒక్కడే, అదీ తానే నేరం ఒప్పుకున్నందువల్ల, ఏడాది జైలుకు వెళ్ళాడు. సర్ విలియం గేజ్ నేతృత్వంలో జరిగిన బహిరంగ విచారణ 2011లో ఇచ్చిన నివేదిక మాత్రం, 1972లోనే నిషేధించిన విచారణ పద్ధతులు మళ్ళీ ఎలా వాడుకలోకి వచ్చాయో, రక్షణశాఖ వైఫల్యం ఎంతో బయటపెట్టింది. అదే ఏడాది అల్-స్కేనీ కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, యుద్ధ పరిస్థితుల్లోని కష్టాలను గుర్తిస్తూనే, దర్యాప్తు సైనిక ఆజ్ఞా శ్రేణికి లోబడి ఉండకూడదని చెప్పింది. ఈ విచారణలు ఆలస్యంగా వచ్చాయి, శిక్షలు పెద్దగా పెంచలేదు. అయినా సైన్యానికి బయటివారు అడిగితే తెలిసే నిజం లోపలివారు అడిగితే తెలియదని రుజువు చేశాయి.

కాబట్టి ఆక్రమిత ప్రాంతంలో పౌరుడు చనిపోయిన ప్రతిసారీ ఆ సమాచారం కొద్దిరోజుల్లోనే సైనిక ఆజ్ఞలకు లోబడని దర్యాప్తు సంస్థకు చేరాలి. ఫొటోలు, పరిహారం కాగితాలు, స్థానిక ఆసుపత్రి పత్రాలు దానికి అందాలి. మృతుల కుటుంబాల మాటకు సైనికుల మాటతో సమానమైన విలువ ఉండాలి. దీనివల్ల అన్ని హత్యలూ ఆగిపోతాయని చెప్పలేం. కానీ చంపినా ఎవరూ అడగరన్న నమ్మకం ఉన్నచోట క్రమశిక్షణ నిలవదు. ఆ నమ్మకాన్ని తొలగించగలిగేది మొదటి వారంలో నిష్పక్షపాతంగా జరిగే విచారణే గాని, ఆరేళ్ళ తరవాత వచ్చే తీర్పు కాదు.