జీబ్రా ఫించ్‌ల పంజర కలహం

ఒకే పంజరంలో పెరిగే జీబ్రా ఫించ్‌లు గూడు, జోడు, మేత కోసం ఒకదాన్నొకటి తరమడం, పొడవడం, ఈకలు పీకడం పంజర కలహం. ఆస్ట్రేలియాకు చెందిన, సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 12 గ్రాముల బరువుండే ఈ పిట్టలు గుంపుగా బతికేవే. గూటి చుట్టూ కొద్దిమేరను మాత్రం గట్టిగా కాపాడుకుంటాయి. ఆరుబయట ఓడిన పక్షి ఎగిరిపోతుంది. పంజరంలో ఆ దారి లేకపోవడమే కలహం గాయాలదాకా వెళ్లడానికి ప్రధాన కారణం.

గూడుపెట్టె, గడ్డి అందుబాటులో ఉంటే పోరు పెరుగుతుంది. పిల్లలు అక్కరలేనప్పుడు ఆ పెట్టెను, గడ్డిని తొలగించడం అన్నిటికన్నా ఫలవంతమైన చర్య. మూడు పక్షులుంటే జంట కట్టినవి మూడోదాన్ని తరుముతాయి కాబట్టి సరిసంఖ్యలో, మగవి ఆడవాటిని మించకుండా ఉంచుతారు. ఇవి అడ్డంగా ఎగురుతాయి. అందువల్ల ఎత్తుకన్నా పొడవున్న పంజరం, రెండు కొసల్లోనూ మేత, నీరు అవసరం. సొంత ముక్కు అందని తలపై, మెడ వెనుక ఈకలు ఊడితే సాటిపక్షి దాడిని అనుమానించాలి, అయితే ఈకలు మార్చుకునే కాలంలోనూ, చర్మంపై పురుగు పట్టినా ఇలాగే కనిపిస్తుంది. నెత్తురు కనిపించిన పక్షిని వెంటనే వేరుచేస్తారు. సుమారు 35 రోజులకు సొంతంగా తినగలిగే పిల్లలను వేరే పంజరానికి మారుస్తారు. మళ్లీ గుడ్లకు సిద్ధమయ్యే తల్లిదండ్రులు వాటిని తరిమే అవకాశముంది.