బసివిని నుంచి తాటకి దాకా: ఆ పిల్లను ఎవరడిగినారు?

ఆదోని, ఎమ్మిగనూరు 1953 అక్టోబర్ 1 దాకా బళ్లారి జిల్లాలోవే. అందుకే మన ఆడపిల్లల పాత చరిత్రను కర్నూలు కాగితాల్లో కాదు, బళ్లారి కాగితాల్లో వెతకాలి. 1904 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్, 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలు తెరిస్తే బసివిని కనిపిస్తుంది. కొడుకుల్లేని ఇంట్లో కూతుర్ని దేవుడికి విడుస్తారు. పెళ్లి ఉండదు. కొడుకులాగా తండ్రి ఆస్తి వస్తుంది, తలకొరివి పెట్టొచ్చు, ఆమె పిల్లలు తాత ఇంటివాళ్లే అవుతారు. దీన్ని ఆడదానికి దక్కిన మగ హక్కు అని రాసినవాళ్లున్నారు. మాదిగ ఇంట్లో, బోయ ఇంట్లో ఆ ఆస్తి ఏపాటిదో మనకు తెలీదా?

అసలు సంగతి వేరే. ఇచ్చింది తల్లిదండ్రులు, దేవుడి పేరు చెప్పి తీసుకున్నది ఊరి పెద్దలు. ఆ పిల్ల 'వద్దు' అనడానికి చోటేదీ? 1891లో సమ్మతి వయసును 10 నుంచి 12కు పెంచితేనే దేశంలో పెద్ద గగ్గోలు. ఆ గొడవంతా పెళ్లయిన పిల్లల చుట్టే తిరిగింది. పెళ్లే లేని పిల్ల సంగతి ఎవరికి పట్టింది?

1947లో మద్రాసు చట్టం వచ్చింది. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం బసివి, జోగిని, మాతమ్మ అని పేర్లు పెట్టి మరీ నిషేధించాల్సి వచ్చింది. 2012 పోక్సో వచ్చాక, 18 ఏళ్లలోపు పిల్ల 'ఒప్పుకుంది' అనే వాదన చెల్లదు.

చట్టం సరే, పిల్ల గొంతు ఏదీ? నాకు అది గోగు శ్యామల రాసిన 'తాటకి మళ్ళీ గెలిచింది'లో వినిపించింది. అన్వేషి సంస్థ పిల్లల కోసం తెచ్చిన కథల్లో ఒకటి, 2008లో వచ్చింది. శ్యామలది తాండూరు వైపు పెద్దేముల్. కథలో బాలమణి పొలానికి నీళ్లు కట్టను పోతుంది, భూస్వామి మీద పడితే ఎదురు తిరిగి తప్పించుకుంటుంది. రామాయణంలో తాటకిని చంపుతారు. ఇక్కడ తాటకి గెలుస్తుంది. తిట్టుపేరును బిరుదు చేసిన రచయిత్రి ఈమె.

ఈ కథ ఇంటర్ పిల్లలకు చదివి వినిపిస్తానంటే ఒక సహోద్యోగి 'ఈ వయసులో ఇవెందుకు' అన్నారు. బాలమణికి 11 ఏళ్లు. మన ఊర్లలో అమ్మానాయినలు సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోతే, అవ్వ దగ్గర మిగిలే పిల్లలదీ అదే వయసు.

చదివినాను. క్లాసు చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత వెనక బెంచీ అమ్మాయి పుస్తకం ఇంటికి అడిగింది.

వచ్చే భాగంలో 1947 చట్టం సంగతి. జై భీమ్.