చీకటిలో తెరచిన తలుపు

ప్రియ శ్రోతలారా, ఈ ప్రసంగమును పత్రికలో చదువుచున్న సహోదరీ సహోదరులారా, మీలో అనేకులు కొమురవెల్లి, చేర్యాల వైపు వెళ్లే బస్సు ఎక్కియుంటారు. సంక్రాంతి మొదలుకొని ఉగాది వరకు ఆ బస్సులలో కాలు పెట్టుటకు చోటుండదు. అయితే ఈ వేళ మనము ధ్యానించబోయేది, సుమారు ఎనభై యేండ్ల క్రిందట ఆ ప్రాంతపు దారులలో దీపము లేకుండా నడిచిన మనుష్యులను గూర్చి.

నిజాం పాలనలో వెట్టి అంటే ఏమిటో మన తాతలకు ఎవరూ బోధించనక్కర లేకపోయింది. చాకలి దొర గడీలో బట్టలుతికి, అంట్లు తోమాలి. కుమ్మరి ఊరికే కుండలు ఇవ్వాలి. మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, మాల మూటలు మోయాలి, కబురు పట్టుకొని పరుగెత్తాలి. కూలి అడిగినవానికి దెబ్బలే కూలి. దీనికంటె ఘోరమైనది భాగేలా. పెండ్లికో చావుకో కొద్దిపాటి అప్పు తీసుకొన్నవాడు దొర దగ్గర జీతముండాలి. వడ్డీ తరగదు, అప్పు తీరదు, తండ్రి పోతే కొడుకు అదే కాడి క్రింద మెడ పెట్టాలి. దొర బిడ్డకు పెండ్లి చేస్తే, ఆమెతో కూడ పేదింటి ఆడపిల్లలను అత్తవారింటికి దాసీలుగా పంపేవారు. వారిని ఆడబాపలు అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వము భాగేలా ఒప్పందాలను అదుపు చేయుటకు ఒక చట్టము తెచ్చింది. చదువు రాని జీతగానికి ఆ సంగతి ఎవరు చెప్తారు? చెప్పవలసిన పట్వారీ దొర మనిషే.

ఇటువంటి కాడి క్రిందనే అమెరికాలో నల్లవారు నలిగిపోయారు. అక్కడ తప్పించుకొనువారికి సహాయము చేసిన రహస్య మార్గమునకు భూగర్భ రైలు అని పేరు. పట్టాలు లేవు, ఇంజను లేదు. దాచిపెట్టే ఇల్లు స్టేషను, దారి చూపే మనిషి కండక్టరు. హ్యారియెట్ టబ్‌మన్ అను దాసురాలు 1849లో మేరీల్యాండ్ నుండి పారిపోయింది. అంతటితో ఊరుకోక సుమారు 13 సార్లు తిరిగి వెళ్లి, దాదాపు 70 మందిని తీసుకొని వచ్చింది. ఆమె శనివారము రాత్రి బయలుదేరేది. ఎందుకనగా సోమవారము వరకు పత్రికలో ప్రకటన వేయించుటకు యజమానునికి వీలు లేదు! ఒహైయో నది ఒడ్డున రిప్లీ అను ఊరిలో జాన్ రాంకిన్ అను ప్రెస్బిటేరియన్ పాస్టరుగారు కొండ మీద ఇల్లు కట్టుకొని, నది ఆవల నుండి వచ్చువారికి కనబడునట్లు దీపము పెట్టేవారు. ఆయనకు 13 మంది పిల్లలు. కొడుకులు రాత్రికి రాత్రి గుఱ్ఱాల మీద పారిపోయినవారిని తరువాతి ఇంటికి చేర్చేవారు. 1850 చట్టము ప్రకారము ఇలా సహాయపడితే వెయ్యి డాలర్ల జుల్మానా, ఆరు నెలల జైలు. పదముగ్గురు బిడ్డల తండ్రి ఆ దీపము ఆర్పలేదు.

మరి మన ప్రాంతములో? ఇక్కడ పరుగెత్తి చేరుటకు ఉత్తర దేశము లేదు. ఒక దొర ఊరు దాటితే ఇంకొక దొర ఊరు. కాబట్టి మనవారి రహస్య మార్గము ఊళ్లలో నుండే, ఇండ్లలో నుండే సాగింది. 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. రాను రాను అది వెట్టి వద్దనే పేదల సంఘమయ్యింది. ప్రజలు దానిని గుతపల సంఘము అని పిలిచేవారు. సంఘము అను మాట మనకు ఎంత ప్రియమైనదో చూడండి. ఆ దినములలో అదే మాట పలికితే గడీకి పిలిపించి కొట్టేవారు.

పాలకుర్తిలో చాకలి కులస్థురాలైన చిట్యాల ఐలమ్మ కౌలుకు భూమి దున్నింది. విసునూరు దేశ్‌ముఖు ఆ పంట కోసుకొని పోవుటకు మనుష్యులను పంపితే సంఘపు వాలంటీర్లు అడ్డుపడి ధాన్యమును ఆమె ఇంటికి చేర్చారు. ఆమె ఇల్లు కాల్చబడింది, కుమారులు చెరసాల పాలయ్యారు. అయినా సంఘమును విడువలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయిన తరువాత పోరాటము రాజుకొంది. అజ్ఞాతములోనికి వెళ్లినవారికి అన్నము మోసినదీ, చీటీలు చేరవేసినదీ, ఇంట దాచినదీ ఎక్కువగా ఆడవారే. స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన మనకు తెలియని మన చరిత్ర అను గ్రంథములో ఆ తల్లుల మాటలు అచ్చయ్యాయి, దొరికితే చదవండి. చేర్యాల దాటి మద్దూరు వైపు వెళ్తే బైరాన్‌పల్లి. ఆ ఊరివారు బురుజు ఎక్కి కావలి కాసి, రజాకార్లను మొదట తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు కలిసి వచ్చి 80 మందికి పైగా ప్రాణాలు తీశారు. ఆ బురుజు నేటికీ నిలిచియున్నది.

ప్రియులారా, ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. అమెరికాలో రాంకిన్‌గారి వంటి కాపరులున్నారు గాని, బైబిలు పట్టుకొని దాసత్వమును సమర్థించిన కాపరులును ఉన్నారు. ఈ విషయములోనే 1844లో మెథడిస్టులు, 1845లో బాప్టిస్టులు చీలిపోయారు. ఒనేసిమును ఫిలేమోను నొద్దకు పౌలు పంపెను గదా అని యజమానులు వాదించేవారు. అతనిని దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మని అపొస్తలుడు వ్రాసినది మాత్రము చదివేవారు కారు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో, తప్పించుకొని వచ్చిన దాసుని యజమానునికి అప్పగింపవద్దని దేవుడు తేటగా ఆజ్ఞాపించాడు. యెరికోలో రాహాబు మిద్దె మీద జనుపకట్టెలలో వేగులవారిని దాచింది. పై అధికారులకు లోబడాలని మనము రోమా పత్రిక నుండి తరచుగా బోధిస్తాము. రాహాబును గూర్చి ఎన్ని ఆదివారములు బోధించాము? ఈ ప్రశ్న మొదట నాకే వేసుకొంటున్నాను.

ఇది గతించిన సంగతి అనుకోవద్దు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము 1976లో వచ్చింది. దాని ప్రకారము ఆ అప్పు రద్దయిపోయినట్టే, ఒక్క రూపాయి కూడ కట్టనక్కర లేదు. అయినను ఒడిశా నుండి అడ్వాన్సు తీసుకొని మన తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చి, కదలనివ్వక పని చేయించబడినవారిని విడిపించిన సందర్భములు ఉన్నవి. అటువంటి కుటుంబము ఏ రాత్రియైనా మీ మందిరపు గుమ్మము తట్టితే, యజమానునికి ఫోను చేయకండి. మొదట అన్నము పెట్టండి. తెల్లవారగానే వారిని వెంటబెట్టుకొని కలెక్టరుగారి యొద్దకో, ఆర్డీవోగారి యొద్దకో వెళ్లండి. విచారణ జరిపి విడుదల పత్రము ఇచ్చే అధికారము వారిదే. ఆ పత్రము చేతికి వచ్చువరకు వారితో కూడ ఆఫీసు బయట కూర్చోండి.