మా వార్త ఎవరు రాయాలి?

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్లోనో మాకొక జల్సా ఉన్నా, ఉర్సు ఉన్నా, ముషాయిరా ఉన్నా కబురు రెండు దారుల్లో పోతుంది. ఉర్దూలో రాసిన ఐలాన్ హైదరాబాద్ అఖ్బార్లకు, తెలుగులో రాసిన ప్రెస్‌నోట్ ఊళ్లో విలేకరి చేతికి. సంగతి ఒక్కటే. అచ్చయ్యాక చూస్తే మాత్రం రెండు వేర్వేరు జనాల గురించి రాసినట్టుంటుంది.

ఉర్దూలో సదారత్ ఎవరిదో, నాత్ ఎవరు చదివారో అన్నీ వస్తాయి. ఆడవాళ్ల గురించి మాత్రం ‘ఖవాతీన్ కోసం పర్దా ఇంతజామ్ ఉంది’ అన్న ముక్కే. పేరుండదు. తెలుగులో ‘ముస్లిం సోదరులు భక్తిశ్రద్ధలతో’ అనే వాక్యం ముందే అచ్చు పోసి పెట్టినట్టు దిగుతుంది. ఖబరస్తాన్ జాగా గురించి, ఉర్దూ టీచర్ల ఖాళీల గురించి మేం రాసి పంపిన నాలుగు పంక్తులు ఎగిరిపోతాయి. పండగనాడు ఫొటోలో ఉంటాం. మిగతా రోజుల్లో ఉండం.

ఈ గడ్డకు ఈ బాధ కొత్తది కాదు. గద్వాల, వనపర్తి నిజాం కింద సంస్థానాలు. సర్కారు భాష ఉర్దూ. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అడ్డం. ముందుగా ఇజాజత్ తీసుకోవాలి. ఆ రోజుల్లో ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు ఆయన వాదన పెట్టుకోలేదు. కవుల్ని రమ్మని పత్రికలో పిలిచారు. 354 మంది గోలకొండ కవుల సంచికలోకి వచ్చి నిలబడ్డారు. ‘వీళ్లకు తెలుగెక్కడిది’ అని మమ్మల్ని అడిగేవాళ్లకు మేం చెప్పే జవాబు కూడా అదే తీరు. పేర్లు రాసి ముందు పెడతాం.

సర్కారు భాష ఉర్దూ కాబట్టి సర్కారూ మాదే అనుకుంటారు చాలామంది. దూది ఏకిన మా తాతలు అర్జీ రాయించుకోవడానికి ఇంకొకరి గడప ఎక్కినవాళ్లే. ఉర్దూలో ‘ఇమ్రోజ్’ నడిపిన షోయబుల్లాఖాన్ రజాకార్లకు ఎదురు రాశారు. 1948 ఆగస్టులో ఆయన్ని నడివీధిలో చంపారు. ఆ భాషలో సర్కారుకు ఎదురు రాసినవాడూ ఉన్నాడని మా పిల్లలకు పాఠాల్లో ఎంతమంది చెప్పారు?

1989 తర్వాత జిల్లా పేజీలొచ్చాయి. మండల విలేకరికి అచ్చయిన జాగాను కొలిచి పైసలిచ్చే పద్ధతి. పైగా యాడ్లు తేవాలి. ఆయన మీద మాకు కోపం లేదు. బస్సులో కవరు పంపే వేళకు చేతిలో ఏది సిద్ధంగా ఉంటే అదే పోయేది. అందుకే నోట్ మేమే పూర్తిగా రాసివ్వడం నేర్చుకున్నాం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం అడిగారు. అడిగింది మొదటి వాక్యంలోనే పెట్టాలి. కోత ఎప్పుడూ కింది నుంచే పడుతుంది. ఖాజా ‘కాజా’ కాకుండా, ఫాతిమా ‘పాతిమా’ కాకుండా పేర్లు విడివిడిగా, పెద్దక్షరాల్లో రాయాలి. మాట్లాడిన ఆడమనిషిని ఫలానా ఆయన భార్య అనకుండా ఆమె పేరుతోనే రాయాలి. ఈ చివరిదాని మీద మాలో మాకే పెద్ద తగాదా. ఇంకా తెగలేదు.

దూదేకులవాళ్ల సంగతి వేరు. ఇంట్లో తెలుగే. ఉర్దూ ఐలాన్ వాళ్లకు అందదు, వాళ్ల సభ ఉర్దూ అఖ్బార్‌కు కనబడదు. తెలుగు ప్రెస్‌నోట్ ఒక్కటే దిక్కు. అందులో కూడా ‘ముస్లిం సోదరులు’ అని కలిపేస్తే బి.సి.-బి. సర్టిఫికెట్ కోసం వాళ్లు చేసిన ధర్నా ఎవరిదో తెలియకుండా పోతుంది.

2016 అక్టోబర్‌లో మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. కవరు పోయి వాట్సాప్ వచ్చింది. పీర్ల పండుగ వస్తే ఇప్పటికీ ‘మతసామరస్యానికి ప్రతీక’ అనే రాస్తారు. అలావా గుండం తవ్వినవాడికి పింఛను రాలేదన్న సంగతి మా నోట్‌లో మొదటి వాక్యం. ప్రతీక అన్న మాట మేమెక్కడా రాయం.