మేధస్సును పెంచే ప్రయత్నాలు: సుజనన శాస్త్రం నుంచి జన్యు సవరణ వరకు

మానవ మేధస్సును జీవసాంకేతిక శాస్త్రం ద్వారా పెంచవచ్చునా అన్న ప్రశ్న కొత్తదిగా కనిపిస్తుంది. కాని దీని వెనుక సుమారు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను చదివేటప్పుడు ప్రతి దశలోనూ రెండు విషయాలు గమనించండి: మేధస్సు పేరిట దేన్ని కొలిచారు? ఆ కొలత వల్ల ఎవరికి ఏం జరిగింది?

ప్రతిభ వంశపారంపర్యంగా వస్తుందని ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో ఒక గ్రంథంలో వాదించాడు. ఇంగ్లండులోని ప్రముఖుల కుటుంబాలే ఆయనకు ప్రధాన ఆధారం. ఆ ఇళ్లలో పిల్లలకు రక్తంతోపాటు ఆస్తి, చదువు, పలుకుబడి కూడా సంక్రమించేవి. గాల్టన్ వీటికి తగిన విలువ ఇవ్వలేదు. 1883లో సుజనన శాస్త్రానికి పేరు పెట్టింది కూడా ఆయనే.

కొలిచే సాధనం మాత్రం ఫ్రాన్స్ నుంచి వచ్చింది. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేక బోధన అందించే ఉద్దేశంతో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ 1905లో పారిస్‌లో ఒక పరీక్ష రూపొందించారు. అమెరికా చేరేసరికి దాని ప్రయోజనం తారుమారైంది. సహాయం అవసరమైన పిల్లవాడిని వెదికే పరీక్ష, పుట్టుకతో వచ్చే మార్పులేని గుణాన్ని కొలిచేదిగా మారిపోయింది. వర్జీనియాలో క్యారీ బక్ అనే యువతికి, ఆమె తల్లికి 'మందబుద్ధి' అన్న ముద్ర వేశారు. పసికందైన ఆమె కూతురు వివియన్‌ను కూడా ఆ కోవలోనే చేర్చారు. క్యారీకి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయడానికి అమెరికా సుప్రీంకోర్టు 1927లో ఆమోదం తెలిపింది. తరువాత వివియన్ బడిలో చేరి, మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థుల జాబితాలోకి ఎక్కింది. ఎనిమిదేళ్ల వయసులో మరణించింది. అమెరికాలో ఇటువంటి రాష్ట్ర చట్టాల కింద 60,000 మందికి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. 1933లో జర్మనీ నాజీ ప్రభుత్వం కూడా ఇటువంటి చట్టం తెచ్చింది.

యుద్ధానంతరం సుజనన శాస్త్రం పరువు పోయింది గాని, ఆశ పోలేదు. కళ్లద్దాల ప్లాస్టిక్ కటకాలతో సంపన్నుడైన రాబర్ట్ గ్రాహం, మేధావుల వీర్యాన్ని నిల్వచేసే బ్యాంకును 1980లో కాలిఫోర్నియాలో ప్రజల ముందుకు తెచ్చాడు. అది 1999లో మూతపడింది.

అదే సంవత్సరం ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జో సియెన్ బృందం 'తెలివైన ఎలుక'ను ప్రకటించింది. జ్ఞాపకశక్తితో సంబంధమున్న ఎన్‌ఆర్‌2బి అనే గ్రాహక భాగం చిన్న వయసులో మెదడులో ఎక్కువగా ఉండి, వయసుతో తగ్గుతుంది. దాని జన్యువు అదనపు ప్రతులను ఎలుకలలో చేర్చగా అవి త్వరగా నేర్చుకున్నాయి, ఎక్కువకాలం గుర్తుంచుకున్నాయి. టీవీ సీరియల్‌లోని బాల వైద్యుడి పేరు మీద ఆ ఎలుకకు 'డూగీ' అని పేరు పెట్టారు. ఇక్కడ తెలివి అంటే నీటి తొట్టిలో దాగిన తిన్నె ఎక్కడుందో గుర్తుంచుకోవడం, పాత వస్తువుకూ కొత్త వస్తువుకూ తేడా పసిగట్టడం వంటివి. రెండేళ్ల తరువాత మరొక బృందం ఈ రకం ఎలుకలకు దీర్ఘకాలిక నొప్పి మామూలు ఎలుకల కంటే ఎక్కువగా తెలుస్తోందని చూపింది. ఒకే గ్రాహకం మెదడులో అనేక పనులు చేస్తున్నప్పుడు ఒక పనినే విడిగా పెంచడం కష్టం.

మనుషుల విషయంలో చిక్కు ఇంకా పెద్దది. సుమారు 11 లక్షల మంది జన్యువులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. అది కొలిచింది మేధస్సును కాదు, చదువుకున్న సంవత్సరాలను. వెయ్యికి పైగా జన్యు తేడాలు బయటపడ్డాయి. ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పం. పైగా పరిశీలించినవారు ఐరోపా సంతతివారు. అదే ఏడాది చైనాలో హె జియాన్‌కుయి జన్యు సవరణ చేసిన కవల పాపలు పుట్టారని ప్రకటించాడు. లక్ష్యం తెలివి కాదు, హెచ్‌ఐవి నిరోధం. అయినా ఆయనకు మూడేళ్ల జైలుశిక్ష పడింది. ఒక్క జన్యువును మార్చడమే ఇంత వివాదమైనప్పుడు, వేల తేడాలను మార్చే మాట ఇప్పట్లో ఊహే.

ఈ చరిత్రలో సాధారణంగా చోటు దక్కని ఒక పదార్థం ఉంది: ఉప్పు. గర్భస్థ శిశువు మెదడు ఎదగడానికి అయోడిన్ అవసరం. ప్రపంచవ్యాప్తంగా నివారించగల మెదడు నష్టానికి అయోడిన్ లోపమే అతిపెద్ద కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన వి. రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాలయ ప్రాంతంలోని కాంగ్రా లోయలో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. మొదటి రెండింటిలో గొంతువాపు స్పష్టంగా తగ్గింది, మూడోదానిలో తగ్గలేదు. తరువాత అక్కడా అయోడిన్ ఉప్పు ఇవ్వగా తగ్గింది. 1962లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. నష్టం గొంతు దగ్గర కనిపించే వాపుతో ఆగదని, కడుపులోని బిడ్డ మెదడు దాకా పోతుందని తేటతెల్లమయ్యాక, 1992లో ఆ కార్యక్రమం పేరును అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు.